దోమ కథలో వెలివాడ

లివర్‌పూల్ ఉష్ణమండల వైద్య విద్యాలయం చరిత్ర సాధారణంగా దాత పేరుతో మొదలవుతుంది. 1898లో ఓడల వ్యాపారి ఆల్‌ఫ్రెడ్ జోన్స్ ఏటా 350 పౌన్లు ఇస్తానన్నాడు, సంస్థ పుట్టింది. ఆయన ఓడలు తిరిగేది పశ్చిమాఫ్రికాకు. అక్కడ జ్వరాలతో తెల్ల వ్యాపారులూ అధికార్లూ చచ్చిపోతుంటే వ్యాపారం సాగదు, పాలనా సాగదు. దాతృత్వం వెనకున్న ఈ లెక్కను పక్కనబెట్టి సంస్థను పొగడటం మాకు చేతకాదు.

ఈ కథలో మన సికింద్రాబాదూ ఉంది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ బేగంపేటలో దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమకు నెత్తురు తాపింది హుసేన్‌ఖాన్ అనే జ్వరపీడితుడు. కుట్టిన దోమకు ఒక అణా లెక్కన అతనికి ముట్టింది. రాస్ 1899లో లివర్‌పూల్‌లో చేరాడు, 1902లో నోబెల్ అందుకున్నాడు. రాస్ పట్టుదలను మేం తక్కువ చెయ్యడం లేదు. ఒళ్ళిచ్చినోడు చరిత్రలో ఎందుకు కూలీగానే మిగిలాడని అడుగుతున్నాం.

అయితే పేరు దక్కకపోవడం కన్నా పెద్ద అన్యాయం ఇంకోటుంది. దోమ సంగతి తెలిశాక రెండు దారులు తెరుచుకున్నాయి. గుంటలు పూడ్చి, మురుగు పారించి దోమల్ని చంపాలన్నది రాస్ దారి. 1901లో ఫ్రీటౌన్‌లో ఆ పని మొదలైంది కూడా. రాయల్ సొసైటీ పంపిన స్టీఫెన్స్, క్రిస్టఫర్స్ మరో దారి చూపారు. ఆఫ్రికన్ పిల్లల నెత్తురులో క్రిమి ఉంది గనక తెల్లవాళ్ళు వాళ్ళకు దూరంగా కాపురముండాలన్నారు. ఈ స్టీఫెన్సే తర్వాత లివర్‌పూల్‌లో ప్రొఫెసరయ్యాడు. 1904లో ఫ్రీటౌన్ పైన కొండమీద తెల్లవాళ్ళ కోసమే హిల్ స్టేషన్ కట్టారు. జ్వరమున్న పసిపిల్లవాడు వాళ్ళ కంటికి రోగిలా కాక ప్రమాదంలా కనపడ్డాడు.

వాడల్లోంచి మొదటిసారి విశ్వవిద్యాలయం మెట్లెక్కిన మాకు ఈ తర్కం కొత్తగాదు. ఊరి మురుగు వాడకేసి మళ్ళిస్తారు. అందులో దోమలు పెరిగితే వాడోళ్ళకు శుభ్రత లేదంటారు. ఆ మాటే మళ్ళీ దూరం పెట్టడానికి సాకు. జాతి వివక్షా కులమూ ఒకటేనని మేం అనం. ఇక్కడ వెలి ముందుంది, శుభ్రత సాకు తర్వాత అతికించారు. అక్కడ ఆ సాకును సైన్సు పేరుతో అందించారు. రెండు చోట్లా మురుగు మాత్రం అట్లాగే ఉండిపోయింది.

అందుకే జబ్బుల మీద పనిచేసే ఏ సంస్థ చరిత్ర చదివినా మన విద్యార్థులు రెండు ప్రశ్నలు వెయ్యాలి. నెత్తురు ఎవరిది తీసుకున్నారు? కాలువ ఎవరి వీధిలో తవ్వారు? ఈ రెంటికీ జవాబు చెప్పని చరిత్ర, ఎన్ని పతకాలు లెక్కబెట్టినా, సగం చరిత్రే.