చర్చి కాంపౌండులో వాలీబాల్

మే నెల వచ్చిందంటే మా వైపు చర్చి కాంపౌండులన్నీ పిల్లలతో నిండిపోతాయి. వి.బి.ఎస్. (వెకేషన్ బైబిల్ స్కూల్) అంటే వాళ్లకు యాక్షన్ సాంగ్స్, కథ, కంఠత వాక్యం, రంగు కాగితాలతో క్రాఫ్టు, వెళ్లేటప్పుడు ఓ బిస్కెట్ ప్యాకెట్. చిన్నపిల్లలకు ఇంతకంటే ఏం కావాలి! పదమూడు దాటినవాడు మాత్రం పాటకు చేతులు ఊపడానికి సిగ్గుపడి గోడెక్కి కూర్చుంటాడు. వాడి కోసమే సాయంత్రాలు వాలీబాల్ నెట్ కడతాం. కొన్నేళ్లుగా ఆ నెట్ దగ్గర విజిల్ వేసే పని నాది.

ఈ పనిలో నేను గట్టిగా పట్టుకున్నది ఒక్కటే: ఆటను ఎర చేయకూడదు. బంతి చూపించి పిలిచి, కాసేపు ఆడనిచ్చి, ఆపైన గంటసేపు ప్రసంగం వినిపిస్తే ఆ వయసు పిల్లలు ఇట్టే కనిపెడతారు. మర్నాడు రారు. ఆట నేర్పుతామని పిలిచాక ఆటే నేర్పాలి. వాక్యం పావుగంట, అదీ ఆట అయ్యాక. ఉండేవాళ్లు ఉంటారు, పోయేవాళ్లు పోతారు. వేరే మతాల ఇళ్ల నుంచి వచ్చే పిల్లల అమ్మానాన్నలకు ఈ సంగతి ముందే చెబుతాం. దాచిపెట్టి చెప్పేదాన్ని సువార్త అనడం నాకు మింగుడుపడదు.

ఆటనీ విశ్వాసాన్నీ కలపడం మాతో మొదలైంది కాదు. వాలీబాల్ పుట్టింది క్రైస్తవ యువజన సంఘమైన వై.ఎం.సి.ఎ.లోనే, 1895లో, అమెరికాలోని హోల్యోక్‌లో. దానికి నాలుగేళ్ల ముందు స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ రెండు పీచ్ పండ్ల బుట్టలు వేలాడదీసి బాస్కెట్‌బాల్ మొదలుపెట్టాడు. ఆయన వేదాంతం చదువుకున్నవాడు. మిగతా ఆటల్లో బంతి పట్టుకుని పరిగెత్తబట్టే కదా మీదపడి పడదోస్తున్నారని ఆలోచించి, ఆ పరుగునే నిషేధించాడు. ప్రసంగం చేయలేదు, నియమం పెట్టాడు. మద్రాసులో హ్యారీ క్రో బక్ 1920లో ప్రారంభించిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలదీ ఆట ద్వారానే నేర్పే ఈ దారే.

మా కోర్టులో నేను వదలని నియమం రొటేషన్, అంటే అందరూ వంతులవారీగా చోట్లు మారడం. ఊరి పందేల్లో బాగా కొట్టేవాడు నెట్ దగ్గరే పాతుకుపోతాడు, ఆట రానివాడు వెనక మూల బంతులు ఏరుతూ ఉంటాడు. ఇక్కడ అలా కుదరదు. పోయినేడు బక్కపలచని పిల్లాడొకడికి సర్వీసు వంతు వచ్చేసరికి సొంత జట్టే ఉసూరుమంది. వాణ్ని గీత లోపలికి నాలుగడుగులు రమ్మన్నాను. అరచేయి కాదు, పిడికిలి మడిచి కింది నుంచి కొట్టమన్నాను. రెండుసార్లు నెట్‌కి తగిలింది. మూడోసారి దాటింది. ఉసూరుమన్నవాళ్లే వాడి వీపు చరిచారు. ఆ సాయంత్రం తప్పిపోయిన గొర్రె కథ చెబితే పెద్దగా వివరించాల్సిన పని పడలేదు.

నియమం అంటే నాకు గుర్తొచ్చే మరో మనిషి పరుగువీరుడు ఎరిక్ లిడెల్. అతని పేరెత్తితే మన ప్రసంగాల్లో 1924 పారిస్ ఒలింపిక్సే వస్తుంది. ఆదివారం హీట్స్ ఉన్నాయని 100 మీటర్లు వదులుకుని, 400 మీటర్లలో 47.6 సెకన్లతో బంగారు పతకం గెలిచాడు. నాకు ఆ తర్వాతి లిడెల్ ఇంకా ఇష్టం. చైనాలో మిషనరీగా ఉండగా 1943లో జపాన్‌వాళ్లు అతన్ని వెయ్‌షియన్ నిర్బంధ శిబిరంలో పెట్టారు. అక్కడ తల్లిదండ్రులకు దూరమైన పిల్లలు చాలామంది. వాళ్లకు చదువు చెప్పాడు, ఆటలు ఆడించాడు, విరిగిన హాకీ కర్రలకు గుడ్డ పీలికలు చుట్టి బాగుచేశాడు. ఆదివారం మాత్రం ఆడించనన్నాడు. కుర్రాళ్లు తమంతట తామే హాకీ ఆడి కొట్టుకున్నారు. మరుసటి ఆదివారం లిడెల్ వచ్చి రిఫరీగా నిలబడ్డాడు. పతకం కోసం సడలించని నియమాన్ని ఆ పిల్లల కోసం సడలించాడు. 1945 ఫిబ్రవరిలో, విడుదల చూడకుండానే, మెదడులో కణితితో ఆ శిబిరంలోనే కన్నుమూశాడు.

మా వి.బి.ఎస్. ముగిశాక సంఘపెద్దలు అడుగుతారు, "ఏమయ్యా, యేసును నమ్ముతామని ఎంతమంది చేతులెత్తారు?" అని. అడగడం వాళ్ల బాధ్యత, ఆ ఆశ నాకూ ఉంది. కానీ నేను చెప్పేది జూన్, జులైలలో కూడా ఎవరెవరు వస్తున్నారో, వాళ్లలో ఎవరింట్లో నాన్న తాగి కొడుతున్నాడో, ఎవడు పదోతరగతి తప్పి మొహం చాటేస్తున్నాడో. చేతులెత్తించడం ఒక్క సాయంత్రం పని. ఈ పిల్లల వెంట ఉండటానికి ఏడాదంతా కావాలి, సంఘం అందుకు మనుషుల్ని ఇవ్వాలి.

ఈసారి ఆడపిల్లలకు వేరే నెట్ కడుతున్నాం. సాయంత్రమైతే ఇంటి పనులంటూ పంపరు కాబట్టి పొద్దున్న ఆరున్నరకే మొదలు. తల్లుల్ని ఒప్పించే పని పాస్టరమ్మగారు తీసుకున్నారు. ఇప్పటికే నాలుగు వీధులు తిరిగొచ్చారు.