గరమ్ హవా: ఇల్లెవరిది, దేశమెవరిది?

‘గరమ్ హవా’ పేరెత్తగానే మా లౌకిక మిత్రులకి చివరి దృశ్యమే గుర్తొస్తుంది. పాకిస్తాన్‌కి బయల్దేరిన సలీం మీర్జా దారిలో ఊరేగింపు చూసి కొడుకు సికందర్‌ని అందులోకి పంపుతాడు, ఆ వెనకే తనూ టాంగా దిగి జనంలో కలుస్తాడు. ముస్లిం ప్రధాన స్రవంతిలో కలిశాడని వాళ్లకి తృప్తి. 1973లో ఎం.ఎస్.సత్యు తీసిన ఈ సినిమాకి జాతీయ సమైక్యత అవార్డూ వచ్చింది. మేం మాత్రం ఇంకో ప్రశ్న వేస్తాం. జనంలో ఉన్న సలీం మీర్జాని అసలు విడదీసిందెవరు?

సినిమాలో జవాబుంది. విడదీసింది కత్తులకన్నా ఎక్కువగా కాగితాలు. ఆగ్రాలోని హవేలీ అన్న హలీం పేర ఉంది. హలీం పాకిస్తాన్ వెళ్లిపోయాడు. ఇల్లు పోగొట్టుకున్నది మాత్రం వెళ్లని సలీం. ఆ ఇంటి నక్షా కరాచీకి పంపినందుకు గూఢచారి అన్న ముద్ర పడింది. కేసు వీగిపోయినా ముద్ర పోలేదు. ఆమినాని నిఖా చేసుకుందామని కాగితాల్లేకుండా తిరిగొచ్చిన హలీం కొడుకు కాజింని పట్టుకుని సరిహద్దు దాటించారు. సొంత ఊళ్లోనే అతను విదేశీయుడు.

ఇది కథకుల కల్పన కాదు. 1947 మార్చి 1 తర్వాత పాకిస్తాన్‌కి వలసపోయినవాళ్లు పౌరులు కారని రాజ్యాంగం 7వ అధికరణం చెప్పింది. తిరిగి స్థిరపడే పర్మిట్‌తో వచ్చినవాళ్లకే మినహాయింపు. 1950 నాటి కాందిశీకుల ఆస్తుల చట్టం వెళ్లినవాళ్లతో ఆగలేదు, వెళ్లబోతున్నారని అనుమానం కలిగినవాళ్లనీ లెక్కలోకి తీసుకుంది. మా మనసుల్లో ఏముందో సర్కారే తేల్చింది.

సినిమాకీ ఓ పరిమితి ఉంది. అది హవేలీ ఉన్నవాడి దుఃఖం. మా దూదేకులవాళ్లకీ, రిక్షా తొక్కేవాళ్లకీ పోవడానికి హవేలీ లేదు, చూపడానికి కాగితమూ లేదు.

‘మీకో దేశం ఉందిగా’ అంటారు. 1971 తర్వాత బంగ్లాదేశ్‌లో చిక్కుకుపోయిన ఉర్దూ ముస్లింలని అడగండి. పాకిస్తాన్ వాళ్లలో కొందరినే తీసుకుంది. మిగిలినవాళ్లు దశాబ్దాలు శిబిరాల్లో మగ్గాక, వాళ్లు బంగ్లాదేశ్ పౌరులేనని ఢాకా హైకోర్టు 2008లో తేల్చింది. మతం ఒక్కటైనంత మాత్రాన దేశం దొరకదు.

యూరప్‌లోనూ ఇదే తంతు. జర్మనీ 1961 నుంచి తుర్కీ కూలీలని ఒప్పందం మీద రప్పించుకుంది. యూరోపియన్ యూనియన్ వాళ్లకి రెండు పౌరసత్వాలూ ఉంచుకోనిచ్చిన కాలంలోనూ, తుర్కీ వాళ్లని సాధారణంగా పాతది వదులుకోమంది. 2024లో గానీ ఆ తేడా పోలేదు.

మరి మన దేశం? రాజ్యాంగం 9వ అధికరణం రెండు పౌరసత్వాలని ఒప్పుకోదు. అయినా 2003, 2005 సవరణలతో ‘విదేశీ భారత పౌరసత్వం’ వచ్చింది. పేరుకే పౌరసత్వం, ఓటు లేదు. ఉన్నది జీవితకాలపు వీసా. అందులోనూ ఓ గోడ కట్టారు. తల్లిదండ్రుల్లో, తాతల్లో, ముత్తాతల్లో ఒక్కరు పాకిస్తాన్ పౌరులైనా అది దక్కదు. కాజిం మనవడు ఈరోజు లండన్ పౌరుడైనా ఆగ్రా అతనికి అందదు. ఇక 2019 సవరణ మూడు పొరుగు దేశాల నుంచి వచ్చినవాళ్లకి మతాల జాబితా రాసి, అందులో మా పేరు వదిలేసింది.

అమెరికా పౌరుడయ్యే తెలుగువాడు పాత దేశపు విధేయతని వదులుకుంటున్నానని ప్రమాణం చేస్తాడు. అతనికి పూలదండ వేసి ప్రవాస భారతీయుడంటాం. ఆ దండ తీసేయమని మేం అనడం లేదు. మనిషి రెండు నేలల్ని ప్రేమించగలడని మేమూ నమ్ముతాం. అయితే వదిలివెళ్లినవాడి ప్రేమని నమ్మే దేశం, వదలని మా ప్రేమకి రుజువులెందుకు అడుగుతోంది?

సలీం మీర్జా ఊరేగింపులో కలిసిన దృశ్యానికి చప్పట్లు కొట్టిన మిత్రులారా, అతని ఇంటి సంగతీ మాట్లాడండి. ఊరేగింపు అయిపోయాక అతను ఎక్కడికి వెళ్లాలి?