మంజాడి తూకం తెలిసిన బాటసారి

చిన్నప్పుడు పశువుల అంగట్ల ఎడ్ల బేరం చూసేందుకు ఆగిపోయేవాణ్ణి. అమ్మేవాడు, కొనేవాడు తువ్వాలు చాటున చేతులు కలుపుతారు. నోరు మెదపరు. చుట్టూ యాభై మంది నిలబడ్డా ధర ఆ ఇద్దరికే తెలుసు. చాలా ఏండ్ల తర్వాత అదే తువ్వాలు 1676లో అచ్చయిన ఒక ఫ్రెంచి యాత్రా గ్రంథంలో ఎదురైంది. జ్యాఁ బాప్టిస్ట్ టావెర్నియర్ రాసిన ఆరు ప్రయాణాల పుస్తకమది. నేను చదివింది వాలెంటైన్ బాల్ ఇంగ్లీషులోకి తెచ్చిన 1889 ప్రతి.

గోల్కొండ వజ్రాల బేరంలో ఎన్ని వేళ్లకు ఎంతో ఆయన విప్పి చెప్పాడు. చెయ్యంతా పట్టుకుంటే వెయ్యి, ఐదు వేళ్లు పడితే ఐదు వందలు, ఒక్క వేలు నూరు, మధ్య కణుపు వరకే పడితే యాభై, వేలి కొస పది. గుడ్డ కింద జరిగేదాన్ని గుడ్డ తీయకుండానే రాశాడు!

1990లో అమెరికా మదుపరి జిమ్ రోజర్స్ మోటారు సైకిల్ మీద దేశాలు తిరుగుతూ ఎక్కడ డబ్బు పెట్టాలో చూసుకున్నాడు. లోకం దాన్ని కొత్త విద్య అనుకుంది. టావెర్నియర్ ఆ పని మన మట్టి మీద మూడు వందల ఏండ్ల కిందటే చేశాడు. గోల్కొండ నుంచి హయత్‌నగర్, పంతంగి, పానగల్లు మీదుగా కృష్ణ ఒడ్డున కొల్లూరు గనికి దారి రాసిపెట్టాడు. ఆ బాట మా ఆలేరును తాకదు, మాకు దక్షిణంగా పోతుంది. కొల్లూరును ఇక్కడివాళ్లు 'గని' అంటారని ఊరి పేరుగా రాసుకున్నాడు. ఎవరినో ఇదేమిటని అడిగి ఉంటాడు, వాళ్లు ఉన్నమాట చెప్పి ఉంటారు.

పద్నాలుగో లూయీకి ఆయన అమ్మిన నీలి వజ్రం గురించి అందరూ రాశారు. నాకు ముచ్చటగొలిపేది ఆయన తూకాల పట్టిక. గని దగ్గర మంజాడి ఒకటిముప్పావు క్యారట్లు. గోల్కొండ, బీజాపూర్ రాజ్యాల్లో వాడే మంజాడి ఒకటింబావు మీద మరో అరపావు, అంటే పదకొండు ఎనిమిదో వంతుల క్యారట్లు. పేరొక్కటే, బరువు రెండు. ఈ సంగతి తెలియనివాడు రాయిని ఎంత బాగా ఎంచినా లెక్కలో మునుగుతాడు. కోటల ఎత్తులు కొలిచిన యాత్రికులు చాలామంది ఉన్నారు. మంజాడి ఎక్కడ మారుతుందో పట్టినవాడు అరుదు.

మనుషులను చూడడంలోనూ అదే ఓపిక. గని దగ్గర చెట్టు కింద వజ్రాలు కొనేందుకు పదేండ్ల నుంచి పదహారేండ్ల పిల్లలు కూర్చుంటారు. ఒక్కొక్కరి దగ్గర తూకపురాళ్లు, వరహాల సంచి. రాయి వస్తే చేతులు మారి పెద్దవాడి దగ్గరికి చేరుతుంది, కొనాలో వద్దో అతడిదే మాట. సాయంత్రం లాభం సమంగా పంచుకుంటారు, పెద్దవాడికి మాత్రం నూటికి పావు ఎక్కువ. ఆ పావు కూడా వదల్లేదు మన ఫ్రెంచి ఆయన. మనవాళ్లు రాయిని రాత్రిపూట గోడ గూటిలో దీపం పెట్టి పరీక్షిస్తారని, ఐరోపావాళ్లు పగటి వెలుతురులో చూస్తారని కూడా గుర్తించాడు.

అన్నీ నమ్మాలని కాదు. కొల్లూరులో అరవై వేల మంది పనిచేస్తున్నారన్న అంకె ఎవరో చెప్పిందే అయి ఉంటుంది. మొక్కులను, పూజలను చూసే చూపులో చిన్నచూపుంది. కానీ పని దగ్గరికొస్తే కలం నిక్కచ్చి. తవ్విన మట్టిని గోడ కట్టిన మడిలో నానబెట్టి, అంబలిలా చేసి, బురద వదిలి, మిగిలిన ఇసుకను ధాన్యంలా చెరిగే వరుస ఒక్క మెట్టు తప్పలేదు.

మా మండలంలోని షారాజీపేటలో చింతకింది మల్లేశం చీర నూలుకు ఆసు పోసే యంత్రం కట్టడానికి ముందు చూసింది కూడా చేతి కదలికనే. ఒక్క చీరకు తల్లి చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ పోయేది. ఇక్కత్ చూడవచ్చే అతిథులు రంగులకు ఫోటో తీసుకుంటారు, ఈ అంకె అడిగినవాళ్లు నాకింకా తగల్లేదు.

టావెర్నియర్ అడిగేవాడే అనిపిస్తుంది. రావుల్‌కొండ అని ఆయన రాసిన గనిలో, పనిలో ఆరితేరిన కూలికి ఏడాదికి మూడు వరహాలు. యాభై మందికి పన్నెండు, పదిహేను మంది కావలి. కూలి అంత తక్కువ కాబట్టే రాయి దాచడానికి వాళ్లు వెనకాడరంటాడు. ఒకడు కంటికొసలో దాచిన రాయి దొరికిపోయిందట. దాని బరువూ రాశాడు, ఒక మంజాడి. గని తూకంలో ఒకటిముప్పావు క్యారట్లు.