చూలు పిల్లి

ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే ఎదకు రావచ్చు. అప్పుడది నేలమీద దొర్లుతుంది, నడుం దించి వెనకభాగం ఎత్తుతుంది, రాత్రంతా అరుస్తుంది. జబ్బు చేసిందేమోనని ఇంట్లోవాళ్లు హడలిపోతారు. గండుపిల్లితో కలిశాకే దానికి అండం విడుదలవుతుంది. ఆ తేదీ క్యాలెండర్‌లో రాసుకున్నవారికి సగం బెంగ తీరినట్టే. ఈత సాధారణంగా 63 నుంచి 65 రోజులకు వస్తుంది.

అరుపులు ఆగాయి కాబట్టి చూలు నిలిచిందనుకోకూడదు. కలిశాక చూలు నిలవకపోయినా నెలపైన ఎద రాకపోవచ్చు. నమ్మదగిన తొలి గుర్తు మూడు వారాలకు కనిపిస్తుంది: చనుమొనలు ఉబ్బి గులాబీ రంగుకు తిరుగుతాయి. తొలిచూలు పిల్లిలో ఇది బాగా తెలుస్తుంది. పొట్ట ఐదోవారానికి గానీ బయటపడదు. పిల్లలు తగులుతున్నాయా అని వేళ్లతో నొక్కి చూడటం ప్రమాదం. నాలుగో వారంలో పశువైద్యుడు చేసే స్కానింగ్ ఉండనే ఉంది. 45 రోజులు దాటాక ఎక్స్‌రేలో ఎముకలు కనబడి పిల్లల లెక్క కూడా తేలుతుంది. ఈత రోజున లోపల ఇంకా పిల్ల మిగిలిందా అనే అనుమానం తీర్చేది ఆ లెక్కే.

తిండి దగ్గరే మన ఇళ్లలో ఎక్కువ పొరపాటు జరుగుతుంది. పెరుగన్నంతో పిల్లి బతికేస్తున్నట్టు కనిపిస్తుంది గానీ, చూలుకు అది చాలదు. పిల్లికి టారిన్ అనే పోషకం మాంసం, చేపల నుంచే అందాలి. అది కొరవడితే పిండాలు నిలవవు, నిలిచినా పిల్లలు బలహీనంగా పుడతాయి. పిల్లికూనల కోసం అమ్మే మేతను కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టడం మేలు. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర ముక్కలు పనికిరావు. పారాసెటమాల్ పిల్లికి విషం. కుక్కల పిడుదులకు వాడే పెర్మెత్రిన్ మందూ అంతే.

ఈతకు రెండు వారాల ముందే ఓ అట్టపెట్టెలో పాత నూలుగుడ్డలు పరిచి, అలికిడి లేని మూల పెట్టాలి. పిల్లి మాత్రం బీరువా అడుగునే ఎంచుకోవచ్చు. బతిమాలి లాభం లేదు. పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు గానీ, చాలాసార్లు తిప్పించేది మనుషుల తొంగిచూపులే.

నొప్పుల్లో చేయి పెట్టాల్సిన అవసరం అరుదు. అరగంట గట్టిగా ముక్కినా పిల్ల రాకపోయినా, రక్తం ఎక్కువగా పోతున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పాలిస్తూనే పిల్లి మళ్లీ ఎదకు రాగలదు కనుక, పిల్లలు పాలు మానాక కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయ్యేదాకా దాన్ని ఇల్లు దాటనివ్వకూడదు.