పిస్టల్ చేతికి కుదరాలి

పది మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీలో పది పాయింట్ల వలయం అడ్డుకొలత 11.5 మిల్లీమీటర్లు. పిస్టల్ మీద ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య ఎడం సుమారు 35 సెంటీమీటర్లు. ఈ రెండింటి పొందిక మిల్లీమీటరులో మూడో వంతు చెడితే చాలు, పెల్లెట్ పదికోసం బయలుదేరి తొమ్మిదిలో పడుతుంది. గోరు మందం కూడా లేని తేడా అది. అదే, సైట్ల పొందిక చెడకుండా చెయ్యి మొత్తం అంతే మేర పక్కకు జరిగిందనుకోండి, పెల్లెట్ కూడా అంతే జరుగుతుంది, పది ఎక్కడికీ పోదు. అంటే చెయ్యి ఊగడం చిన్న నేరం, మణికట్టు వంగడం పెద్ద నేరం. మణికట్టు ఏ కోణంలో నిలవాలో నిర్ణయించేది పిస్టల్ పిడి, ఆఖరి క్షణంలో దాన్ని కదిలించేది ట్రిగ్గర్ నొక్కే వేలు. అందుకే పోటీ పిస్టల్‌ను ఆటగాడి చేతికి కుదర్చడాన్ని డబ్బున్నవాళ్ల ముచ్చట అనడానికి వీల్లేదు. ఈ ఆట లెక్కే దాన్ని కోరుతుంది.

పిస్టల్‌తో వచ్చే వాల్‌నట్ చెక్క పిడి, అంటే గ్రిప్, చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో దొరుకుతుంది. మనిషి చెయ్యి సైజుల లెక్కన పుట్టదు. కొత్త చెప్పు కరిస్తే నాలుగు రోజులకు తోలే సాగి కుదురుకుంటుంది, చెక్క అలా సాగదు, దాన్ని మనమే మలచాలి. ఎక్కడ మలచాలో చెప్పే పరీక్ష చాలా తేలికైనది. కళ్లు మూసుకుని, ఖాళీ పిస్టల్‌ను గురి ఎత్తుకు లేపి, ఊపిరి కుదుటపడ్డాక కళ్లు తెరవాలి. ముందు సైటు వెనక గాడికి నట్టనడుమ ఉంటే సరే. ఎడమకో కుడికో ఆనుకుని ఉంటే మణికట్టు తిప్పి సరిచేసుకోవడం అందరికీ తోచే పని, చేయకూడని పని కూడా అదే. అరవై షాట్లు, గంటా పావు సమయం. ఆ సవరణను మణికట్టు అరవై సార్లూ ఒకేలా గుర్తుపెట్టుకోదు. చెక్కకు మాత్రం మతిమరుపు ఉండదు. కనుక ఒత్తుతున్న చోట ఆకురాయితో, గరుకు కాగితంతో కొద్దికొద్దిగా తీయాలి, వెలితిగా ఉన్న చోట పుట్టీ పెట్టి ఆరనివ్వాలి, మళ్లీ కళ్లు మూసుకుని చూడాలి. అరచేతి కింద ఆనే పలకను సరిపడా బిగించాలి, వేళ్లు ముందు నుంచి వెనక్కి తిన్నగా లాగాలి, బొటనవేలు మాత్రం ఊరికే ఆనాలి. మే నెల ఎండలో తడి అరచెయ్యి నున్నటి చెక్కపై జారుతుంది కాబట్టి దాని ఉపరితలాన్ని గరుకుగా ఉంచుకోవడం మన ప్రాంతంలో మరీ అవసరం. ఈ పనికి అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య హద్దులు పెట్టింది. గ్రిప్ మణికట్టుకు ఆసరా కాకూడదు, చేతిని చుట్టేయకూడదు. ఎయిర్ పిస్టల్ మొత్తం 420, 200, 50 మిల్లీమీటర్ల కొలతలున్న పెట్టెలో పట్టాలి, బరువు కిలోన్నర దాటకూడదు.

ట్రిగ్గర్ సంగతి వేరు. ఎయిర్ పిస్టల్‌లో అది కనీసం 500 గ్రాములు, 25 మీటర్ల మహిళల పిస్టల్‌లో కిలో బరువు ఆపగలగాలి. గొట్టాన్ని నిటారుగా ఉంచి, ట్రిగ్గర్‌కు బరువు తగిలించి ఎత్తిచూస్తారు. పోటీ ముగిశాక జరిపే తనిఖీలో నిలవకపోతే అనర్హతే. అయితే ఆ 500 గ్రాములను ట్రిగ్గర్ కదలికలోని మొదటి మెట్టుకూ రెండో మెట్టుకూ ఎలా పంచాలన్నది ఆటగాడి ఇష్టం. మొదటి మెట్టులోనే ఎక్కువ బరువు పెట్టుకుంటే, గురి కుదిరిన క్షణంలో మిగిలిన కొద్దిపాటి బరువు వేలికి తెలియకుండానే దాటిపోతుంది. కంగారు పడే వేలికి మాత్రం ఆ కొద్దిపాటి బరువే ప్రమాదం. కొత్త స్ప్రింగు వాడకంలో కాస్త మెత్తబడవచ్చు గనక హద్దు మీదే బిగించకుండా పది ఇరవై గ్రాములు ఎక్కువ ఉంచి, తరచూ తూచి చూసుకోవడం తెలివైన పద్ధతి. గాలి, పెల్లెట్ లేకుండా నొక్కే డ్రై ఫైరింగ్‌తో ట్రిగ్గరూ వేలూ ఒకదానికొకటి అలవాటవుతాయి. బయటి స్క్రూల వరకే ఆటగాడి అధికారం. లోపలి భాగాలు తుపాకులు బాగుచేసే ఆర్మరర్ చేతికే వదలాలి.

ఇక పెల్లెట్ తల కొలత 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్లుగా దొరుకుతుంది. పిస్టల్‌ను బిగింపులో పెట్టి కాల్చి, ఏది దగ్గర దగ్గరగా పడుతుందో చూసి ఎంచుకుంటారు. లైసెన్సు అవసరమయ్యే పాయింట్ 22 పిస్టల్‌కు మరో చిక్కు ఉంది. గొట్టం శుభ్రం చేశాక, తూటా రకం మార్చాక, మొదటి కొన్ని షాట్లు అటూ ఇటూ పోతాయి. వాటిని చూసి సైట్లు తిప్పేవాడు ఆ రోజంతా తిప్పుతూనే ఉంటాడు.

పనిమంతుడికి పనిముట్టుతో పనేముంది అనేవారు 2024 పారిస్ ఒలింపిక్స్‌లో తుర్కియే ఆటగాడు యూసుఫ్ డికెచ్‌ను చూపిస్తారు. ప్రత్యేకమైన కళ్లద్దాల చట్రం లేకుండా, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, మిక్స్‌డ్ టీమ్‌లో రజతం గెలిచాడు. ఆయన వదులుకున్నది కంటి ముందరి సరంజామాను. చేతిలో ఉన్నది మాత్రం పోటీ పిస్టలే. మరోవైపు 2021లో టోక్యోలో పోటీ మధ్యలో మన దేశ షూటర్ మను భాకర్ పిస్టల్ మొరాయించింది. పోయిన సమయం పోగా ఆమె 575 పాయింట్లతో 12వ స్థానంలో ఆగింది. ఫైనల్ గీత 577. ఆమె నైపుణ్యానికి లోటు లేదని పారిస్‌లో గెలిచిన రెండు కాంస్యాలు చెప్పాయి. రెండో ఆక్షేపణ, ఈ కుదర్చడం ఓటమికి సాకుగా మారుతుందన్నది. అందులో మాత్రం నిజముంది. ఓడినప్పుడల్లా గ్రిప్ అరగదీసేవాళ్లు, ప్రతి ఆదివారం ట్రిగ్గర్ మార్చేవాళ్లు ఉంటారు. అది కుదర్చడం కాదు, తప్పును ఇనుము మీదికి నెట్టడం. ఒకసారికి ఒక్కటే మార్చాలి, దాని ఫలితం పుస్తకంలో రాసుకోవాలి, పెద్ద పోటీ దగ్గరపడ్డాక దేన్నీ ముట్టకూడదు.

మూడో ఆక్షేపణ ఖర్చు. విదేశీ ఎయిర్ పిస్టల్ ధర లక్ష దాటుతుంది, నిజమే. కానీ కుదర్చడానికి కావలసినవి ఆకురాయి, పుట్టీ, ఓపిక. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2018లో 13 ఏళ్లకే జాతీయ ఛాంపియన్ అయింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల నుంచి నాలుగు పతకాలతో వచ్చేనాటికి ఆమెకు 18 ఏళ్లు. ఆ వయసుల మధ్య ఏ పిల్లల చేతులైనా పెరుగుతాయి. ఒకసారి మలిచిన గ్రిప్ రెండేళ్లకే ఇరుకవుతుంది. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో పది మంది పిల్లలు ఒకే పిస్టల్‌ను పంచుకుని నేర్చుకోవాల్సి వస్తే ఈ చిక్కు ఇంకా ఎక్కువ. పిస్టల్ ఒక్కటే అయినా విప్పి బిగించుకునే గ్రిప్‌లు ఎవరివి వారికి ఉండవచ్చు. చేతి పనిముట్లకు పిడి కుదర్చడం తెలిసిన వడ్రంగులు ఈ రెండు జిల్లాల్లోనూ ఉన్నారు. కొలతలు, నిబంధనలు ఎదురుగా పెట్టి చూపిస్తే చాలు. శిక్షణ కేంద్రం తెరిచే క్రీడాశాఖ అధికారులైనా, పాఠశాల యాజమాన్యాలైనా మొదటి ఏడాది కొనదలచిన పిస్టళ్లలో ఒకటి తగ్గించుకోండి. ఆ డబ్బుతో ట్రిగ్గర్ తూచే బరువులు కొనండి, పిల్లల చేతులకు విడివిడిగా గ్రిప్‌లు చేయించండి, నెలకోసారి ఆర్మరర్‌ను పిలిపించండి.