గాయత్రియందలి 'మా' యను మాట

గాయత్రీ మంత్రార్థమును దెలుపు చిన్న పుస్తకములు మాకు తరచుగా చూడవచ్చుచుండును. వానిలో పెక్కింటియందు జపసంఖ్య యెంత, దాని ఫలమెంత, వ్రేళ్లకణుపులపై నెట్లు లెక్కింపవలెను అను విషయములకే పుటలు చెల్లిపోవును; అర్థమునకు నాలుగు పంక్తులు మిగులును. ఆ నాలుగింటిలోను మంత్రమందలి యొక చిన్న పదము జారిపోవుట మాకు వింతగా నున్నది. ఆ పదము 'నః'.

ఈ మంత్రము ఋగ్వేదమున 3వ మండలము, 62వ సూక్తమున 10వ ఋక్కు. ద్రష్ట విశ్వామిత్రుడు, దేవత సవిత. వ్యాహృతులు ఋక్కులోనివి కావు, జపమునకై ముందు చేర్చినవి. ఎనిమిదేసి యక్షరముల పాదములు మూడు గాన 24 అక్షరము లుండవలెను. లెక్కించినచో 23 మాత్రమే వచ్చును. 'వరేణ్యం' అనుదానిని 'వరేణియం' అని విడదీసినచో కొరత తీరును. ఇట్టి పూరణమునకు పింగళుడే యనుమతి నొసగినాడు. ఒక్క యక్షరమునకై యింత శ్రద్ధ వహించిన మనవారు అర్థమునెడల నేల ఉదాసీనులైరో!

మంత్రమున నడిగినది ధనము కాదు, ఆయువు కాదు, శత్రునాశనమును గాదు. అవి యడుగు ఋక్కులు వేరుగా నెన్నియో గలవు. సవిత యనగా ప్రేరేపించువాడు. ఆతని శ్రేష్ఠమైన తేజస్సును ధ్యానింతుము, ఆతడు మా బుద్ధులను ప్రేరేపించుగాక యని తాత్పర్యము. 'ధీమహి' యనుదానిని సాయణుడు ధ్యానార్థమున గ్రహించెను. 'ధా' ధాతువునుండి వచ్చినదని నవీన పండితులందురు. ఎట్లు గ్రహించినను అది ఉత్తమపురుష బహువచనమే. 'ధియః' బహువచనము, 'నః' బహువచనము. ఒక్కడు తనకొరకు చేసికొను ప్రార్థన కాదిది. బుద్ధిని కదలింపుమని వేడినవాడు ప్రశ్నకు వెరవరాదు గదా!

గత వేసవిని మా యెరుకలోని యొక గృహమున ఉపనయనము జరిగినది. పట్టుబట్ట ముసుగులో తండ్రి కుమారుని చెవిని మంత్రము నుపదేశించెను. పిదప మేము అర్థమడుగగా వటువు తెల్లమొగము వేసెను. వాని యక్క మాయొద్దనే సంస్కృతము చదువుచున్నది. ఆమె ద్వారబంధము చెంతనుండి, "నః అన్నది షష్ఠీ బహువచనము కదండీ, పంతులుగారూ! ఆ 'మా'లో నేనున్నానా?" అని యడిగినది. తండ్రి నవ్వి యామెను వంటయింటిలోనికి పంపెను. మేమును ఊరకుంటిమి. ఆ విభక్తిని ఆమెకు నేర్పినవారము మేమే.

రహస్యమందురేని, రామమోహనరాయలు 1827లోనే దీని యర్థము నాంగ్లమున ప్రకటించినాడు. నేడది సెల్‌ఫోనులలో పిలుపుగంటగా మ్రోగుచున్నది. స్త్రీలకు వేదము తగదందురేని, ఆ ఋగ్వేదమందే 5వ మండలము 28వ సూక్తమునకు ఋషి విశ్వవార, అత్రిగోత్రజయగు స్త్రీ. బ్రహ్మవాదినులకు ఉపనయనమును హారీతుడు చెప్పియున్నాడు. ఇవి మాకు నాడును తెలిసినవే. బంధువులు నిండిన యింట పురోహితుని యెదుట నోట రాలేదు.

బడి తెరచిన పిదప ఆ బాలికతో "ఉన్నావమ్మా" యని చెప్పితిమి. ఆమె తండ్రి వినవలసిన మాటను తరగతిగదిలో చెప్పితిమి.