ఆకలి ఎవరిది, లెక్క ఎవరిది?

ద్రాక్షారామం పేరు వినగానే సాహిత్యం చదువుకున్నవాళ్లకు శ్రీనాథుడి భీమేశ్వర పురాణం గుర్తొస్తుంది. అందులో వ్యాసుడికి కాశీలో భిక్ష దొరకదు. ఆకలి కోపమై నగరాన్నే శపించబోతాడు. విశాలాక్షి ఇల్లాలి రూపంలో పిలిచి అన్నం పెడుతుంది. తర్వాత శివుడు కాశీ విడిచి పొమ్మంటే ద్రాక్షారామం దారి పడతాడు. మగవాడి ఆకలి పురాణకథ అయింది. వడ్డించిన ఇల్లాలు ఎప్పుడు తిన్నదన్న ప్రశ్న మాత్రం కథలోకి రాలేదు.

దాదాపు ఆరు శతాబ్దాల తర్వాత, 2015లో, ప్రకాష్ కోవెలమూడి తీసిన 'సైజ్ జీరో' సినిమా స్త్రీ తిండిని కథ మధ్యకు తెచ్చింది. లావుగా ఉందని సౌందర్యకు సంబంధాలు కుదరవు. తల్లికి అదే బెంగ. త్వరగా సన్నబరుస్తామనే క్లినిక్ వల్ల స్నేహితురాలి ప్రాణం మీదికొస్తుంది. ఆ పాత్ర కోసం అనుష్క నిజంగానే బరువు పెరిగింది. అడ్డదారి వ్యాపారాన్ని నిలదీసినందుకు ఈ సినిమాను మెచ్చుకోవాల్సిందే. కానీ దోషి క్లినిక్‌లో దొరికిపోవడంతో ఇల్లు తప్పించుకుంది.

నిజానికి చిక్కు ఇంట్లోనే ఉంది. తిండి తగ్గించు, వ్యాయామం పెంచు అని చెప్పడం తేలిక. తిండి ఒక్కటే తగ్గిస్తే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. దాన్ని నిలబెట్టేవి వ్యాయామం, చాలినన్ని మాంసకృత్తులు. వ్యాయామం ఒక్కటే చేస్తే ఆకలి పెరిగి, ఖర్చయిన శక్తి తిండి రూపంలో తిరిగొచ్చేయవచ్చు. అందుకే రెండూ కలిసి నడవాలి. కానీ ఇంట్లో ఎవరినీ అడగకుండా స్త్రీ తగ్గించుకోగలిగింది తన ముద్ద ఒక్కటే. గోదావరి జిల్లాల్లో కొసరి కొసరి వడ్డించడం మర్యాద. అందరూ తిన్నాక మిగిలింది పారెయ్యలేక తినడం ఇల్లాలి వంతు. ఆ తిండీ ఆమె ఎంచుకున్నది కాదు.

అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 36.3 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇలాంటిచోట "ఒక పూట మానెయ్యి" అనే సలహా ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

"ఇంటి పని చాలదా, మళ్లీ వ్యాయామమెందుకు?" అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ ఉండాలంటుంది. 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటి పనులు చేసే స్త్రీలు వాటికి రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. పొయ్యి దగ్గర నిలబడితే కాళ్లు లాగుతాయి కానీ గుండె వేగం పెరగదు. అలసట, వ్యాయామం ఒకటి కావు.

అందుకే ఈ లెక్కను పళ్లెంతో మొదలుపెట్టకూడదు. పొద్దున్నే ఆమె అరగంట నడిచొచ్చేలోగా ఇడ్లీ రేకులు పొయ్యిమీద ఎవరు పెడతారన్న దగ్గర మొదలుపెట్టాలి. దానికి జవాబు చెప్పని ఇంటికి ఆమె బరువు గురించి మాట్లాడే హక్కు లేదు.